వాహనాల నంబరు ప్లేట్లతో వన్యప్రాణి సంరక్షణ నిధులు: ఫ్లోరిడా అనుభవం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఫ్లోరిడాలో 2021వ సంవత్సరంలో సుమారు 1,100 మనాటీలు మరణించాయి. నదీ ముఖద్వారాలలోను, ఉప్పునీటి సరస్సులలోను సముద్రపు గడ్డి మేసి బ్రతికే ఈ భారీ క్షీరదాన్ని సముద్రపు ఆవు అని వ్యవహరించడం కద్దు. ఒకే ఏడాదిలో ఇన్ని మరణాలు నమోదు కావడం ఆ రాష్ట్ర చరిత్రలో అదే ప్రథమం. వాటిలో అనేకం మేత దొరకక, ఆకలితో కృశించి చనిపోయాయి. కాగా, అప్పటికి మూడు దశాబ్దాలుగా ఆ రాష్ట్రంలోని వాహన యజమానులు మనాటీ బొమ్మ ఉన్న నంబరు ప్లేటును అదనపు రుసుము చెల్లించి తమ కార్లకు బిగించుకుంటూనే ఉన్నారు. ఆ రుసుము చట్టప్రకారం మనాటీల సంరక్షణ నిధికే చేరుతున్నది. ప్రజాభిమానం, ప్రత్యేక నిధి రెండూ ఉన్న జంతువుకే ఈ స్థితి ఎదురు కావడంతో, నంబరు ప్లేట్ల ద్వారా సంరక్షణ నిధుల సమీకరణ అనే విధానం ఎంతవరకు అక్కరకు వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అనే ప్రశ్న పరిశీలనార్హమైనది.

అమెరికాలో వాహనాల రిజిస్ట్రేషన్ పూర్తిగా రాష్ట్రాల పరిధిలోని అంశం. నంబరు ప్లేటు రూపకల్పన కూడా రాష్ట్ర శాసనసభల నిర్ణయమే. సాధారణ ప్లేటుకు బదులుగా ఒక విశ్వవిద్యాలయం, ఒక సేవా సంస్థ, ఒక వన్యప్రాణి పేరిట రూపొందించిన ప్రత్యేక ప్లేటును యజమాని కోరుకోవచ్చు. అందుకు ఏటా కొంత అదనపు రుసుము చెల్లించాలి. ఫ్లోరిడాలో ఎక్కువ ప్లేట్లకు ఈ రుసుము 25 డాలర్లు. ఆ మొత్తం ఏ నిధికి వెళ్ళాలో, దేనికి ఖర్చు కావాలో ప్రతి ప్లేటుకు విడివిడిగా చట్టంలోనే పొందుపరచబడి ఉంటుంది. 1986లో చాలెంజర్ అంతరిక్ష నౌక ప్రమాదంలో మరణించిన వ్యోమగాముల స్మృత్యర్థం 1987లో విడుదలైన ప్లేటుతో ఆ రాష్ట్రంలో ఈ విధానం ఆరంభమైంది. 1990 ప్రాంతంలో మనాటీ, పాంథర్ ప్లేట్లు వచ్చాయి. సముద్ర తాబేలు ప్లేటుకు 1997లో శాసనసభ ఆమోదం లభించగా, 1998 నుండి అది అమ్మకానికి వచ్చింది. ఆ తరువాత డాల్ఫిన్లు, పగడపు దిబ్బలు, ఎలుగుబంటి, ఉప్పునీటి సరస్సు ఇలా ఒక్కొక్కటిగా చేరాయి.

అయితే వన్యప్రాణుల కోసం కారు యజమానులను ఆశ్రయించవలసిన అవసరం ఎందుకు కలిగింది? దీనికి సమాధానం 1937 నాటి ఒక కేంద్ర చట్టంలో ఉన్నది. పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టంగా పేరొందిన ఆ శాసనం తుపాకులపైన, తూటాలపైన వసూలయ్యే ఎక్సైజు సుంకాన్ని రాష్ట్రాల వన్యప్రాణి విభాగాలకు కేటాయించింది. 1950లో డింగెల్-జాన్సన్ చట్టం చేపలు పట్టే పరికరాల విషయంలో ఇదే పద్ధతిని అనుసరించింది. వేట లైసెన్సులు, చేపల వేట లైసెన్సుల ఆదాయం వీటికి తోడు. ఫలితంగా జింక, బాతు, టర్కీ కోడి, బాస్ చేప వంటి వేటకు పనికివచ్చే జాతులకు స్థిరమైన నిధులు లభించాయి. వేటగాడు చెల్లించిన సుంకం వేటగాడికి కావలసిన జంతువుకే తిరిగి చేరడం సహజమే. ఎవరూ వేటాడని గుడ్లగూబకు, తాబేలుకు, కప్పకు మాత్రం ఆ లెక్కలో చోటు లేకపోయింది. ఈ లోటును పూడ్చడానికి రాష్ట్రాలు 1970ల నుండి వివిధ మార్గాలు వెదికాయి. కాలిఫోర్నియా 1970లోనే యజమాని కోరిన అక్షరాలతో ఇచ్చే ప్లేట్ల రుసుమును పర్యావరణ నిధికి మళ్ళించింది. కొలరాడో 1977లో ఆదాయపు పన్ను పత్రంలోనే వన్యప్రాణులకు విరాళం ఇచ్చే గడిని చేర్చింది. బొమ్మల ప్లేట్లు ఈ ప్రయత్నాలకు కొనసాగింపు.

ఈ విధానం సఫలమైన తీరును గుర్తించడానికి సముద్ర తాబేలు ప్లేటు తగిన ఉదాహరణ. అమెరికాలో లాగర్‌హెడ్ తాబేళ్ళు పెట్టే గూళ్ళలో సుమారు 90 శాతం ఫ్లోరిడా తీరంలోనే ఉంటాయి. ఆ రాష్ట్రపు చేపల, వన్యప్రాణి సంరక్షణ కమిషన్ నిర్వహించే సముద్ర తాబేళ్ళ పరిరక్షణ కార్యక్రమానికి ప్రధాన ఆదాయ వనరు ఈ ప్లేటే. రుసుములో 70 శాతం ఆ కార్యక్రమానికి వెళుతుంది. మిగిలిన 30 శాతం సీ టర్టిల్ కన్సర్వెన్సీ అనే స్వచ్ఛంద సంస్థ నిర్వహణలోని గ్రాంట్ల పథకానికి చేరుతుంది. తీరప్రాంత కౌంటీలు, విశ్వవిద్యాలయాలు, స్వచ్ఛంద సంస్థలు పోటీ పద్ధతిపై ఈ గ్రాంట్లు పొందుతాయి. తీరంలోని భవనాల దీపాల వెలుతురు సముద్రం వైపు పడకుండా మార్చడం, గాయపడిన తాబేళ్ళకు చికిత్స, పరిశోధన, పాఠశాలల్లో అవగాహన వంటి పనులకు ఆ సొమ్ము వినియోగమవుతుంది. దీపాల సంగతి చిన్నదిగా కనిపించవచ్చు. గుడ్ల నుండి వెలువడిన పిల్లలు రాత్రివేళ వెలుతురు ఉన్న దిక్కునే సముద్రమని భావించి నడుస్తాయి. హోటలు దీపం వెలుగుతూ ఉంటే అవి రోడ్డు మీదికి చేరి నశిస్తాయి. ఒక దీపానికి తొడుగు అమర్చడం వల్ల కలిగే మేలు ఖరీదైన పథకాల మేలుకు తీసిపోదు.

అంతకంటె ముఖ్యమైనది లెక్కింపు. 1989 నుండి ఫ్లోరిడాలో సూచిక తీరాల సర్వే అనే కార్యక్రమం అవిచ్ఛిన్నంగా సాగుతున్నది. ఏటా మే 15 నుండి ఆగస్టు 31 వరకు, 109 రోజులపాటు, శిక్షణ పొందిన కార్యకర్తలు ప్రతి ఉదయం ఎంపిక చేసిన తీరాల వెంట నడుస్తారు. ఇసుకలో తాబేలు వదిలిన జాడను బట్టి అది ఏ జాతిదో, గుడ్లు పెట్టినదో లేక వట్టినే వెనుదిరిగినదో గుర్తిస్తారు. వారిలో అధికులు స్వచ్ఛంద సేవకులు. వారికి అనుమతులు, శిక్షణ, సమాచార సమీకరణ మాత్రం రాష్ట్ర కార్యక్రమం బాధ్యత. ఆకుపచ్చ తాబేలు పుట్టిన తరువాత గుడ్లు పెట్టే వయస్సుకు రావడానికి పాతికేళ్ళకు పైగా పడుతుంది. అంటే ఈ రోజు కాపాడిన పిల్ల ఫలితం ఆ తరం అధికారులు పదవీ విరమణ చేశాక గాని కంటికి కనిపించదు. సర్వే ప్రారంభమైన తొలి సంవత్సరాలలో సూచిక తీరాలలో ఆకుపచ్చ తాబేళ్ళ గూళ్ళు వందలలో మాత్రమే ఉండేవి. 2023లో రాష్ట్రవ్యాప్తంగా 76,000కు పైగా ఆకుపచ్చ తాబేళ్ళ గూళ్ళు, 1,33,000కు పైగా లాగర్‌హెడ్ గూళ్ళు నమోదయ్యాయి. రెండూ రికార్డులే. 2016లో ఆకుపచ్చ తాబేలు ఆ ప్రాంతంలో ‘అంతరించే ప్రమాదం’ జాబితా నుండి ‘ముప్పు’ జాబితాకు మారింది.

ఈ పురోగతి అంతా నంబరు ప్లేట్ల పుణ్యమే అనడం అతిశయోక్తి అవుతుంది. 1973 నాటి అంతరించే జాతుల చట్టం, తీరంలో వేట నిషేధం, రొయ్యల వలలలో తాబేలు తప్పించుకునే పరికరం తప్పనిసరి కావడం వంటి చర్యలు లేనిదే ఈ సంఖ్యలు లేవు. కాని సర్వే ఆగకుండా సాగడంలో ప్లేటు పాత్రను కాదనలేము. బడ్జెట్ కోత పడిన సంవత్సరంలో మొదట ఆగిపోయేది లెక్కింపు వంటి పనే. రహదారి ఆగితే ప్రజలు అడుగుతారు, తాబేలు జాడల నమోదు ఆగితే ఎవరూ అడగరు. ముప్పై ఏళ్ళ గణాంకాల వరుసలో రెండేళ్ళు లోపిస్తే మాత్రం ఆ వరుస విలువ చాలా వరకు పోతుంది. చిన్న మొత్తమే అయినా ఏటా తప్పకుండా వచ్చే ఆదాయం ఇటువంటి పనికే సరిగ్గా సరిపోతుంది.

ఇంకొక ప్రయోజనం కూడా ఉన్నది. అంతరించే జాతుల చట్టం ఆరవ సెక్షను కింద రాష్ట్రాలకు లభించే కేంద్ర గ్రాంట్లలో సాధారణంగా 75 శాతం కేంద్రం, 25 శాతం రాష్ట్రం భరించాలి. రాష్ట్ర వాటా చూపలేకపోతే కేంద్ర నిధి రాదు. ప్లేట్ల రుసుము కేంద్రానిది కాదు కనుక ఇటువంటి వాటా కింద చూపే వీలున్నది. అలా చూపిన చోట 1 డాలరు మరో 3 డాలర్లను రప్పిస్తుంది. ఆర్థిక శాఖల దృష్టిలో ప్లేటు విలువను దాని రుసుముతో మాత్రమే కొలవడం ఈ కారణంగా పొరపాటు.

పాంథర్ ప్లేటు విషయంలో ఒక వైపరీత్యం దాగి ఉన్నది. ప్యూమా జాతికి చెందిన ఈ పెద్ద పిల్లి ఒకప్పుడు ఆగ్నేయ అమెరికా అంతటా సంచరించేది. 1990ల ఆరంభానికి దక్షిణ ఫ్లోరిడా చిత్తడి అడవులలో 20 నుండి 30 మాత్రమే మిగిలాయి. సమీప బంధు సంతానం వల్ల గుండె లోపాలు, వంకర తోకలు కనిపించసాగాయి. 1995లో టెక్సాస్ నుండి ఎనిమిది ఆడ ప్యూమాలను తెచ్చి విడుదల చేశారు. ఆ ప్రయోగం ఫలించింది. తరువాతి అంచనాల ప్రకారం పాంథర్ల సంఖ్య 120 నుండి 230 వరకు ఉన్నది. కాలర్లు అమర్చి వాటి కదలికలను గమనించే పరిశోధనకు, యాజమాన్యానికి ప్లేటు రుసుము ప్రత్యేక నిధి ద్వారా చేరుతున్నది. కాని పాంథర్ మరణాలకు ప్రధాన కారణం వాహనాలు ఢీకొనడమే. పాంథర్ బొమ్మను మోస్తున్న కారే దానికి యముడు కాగలదు. దీనికి విరుగుడు 75వ నంబరు అంతర్ రాష్ట్ర రహదారిపై, ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలను దాటే భాగంలో, కంచెలతో పాటు నిర్మించిన జంతువుల అండర్‌పాసులు. అవి నిర్మించిన మేర ప్రమాదాలు గణనీయంగా తగ్గాయి. అయితే అటువంటి నిర్మాణాలకయ్యే ఖర్చు ప్లేట్ల రుసుముతో తీరేది కాదు. అది రహదారుల బడ్జెట్ నుండి రావలసినదే. జంతువు ఎక్కడ దాటుతున్నదో చెప్పే సమాచారాన్ని ప్లేటు నిధి సమకూర్చగలదు. ఆ సమాచారం మేరకు వంతెన కట్టించగలిగేది ప్రభుత్వం.

మనాటీల విషయానికి వస్తే, 1991 నాటి తొలి రాష్ట్రవ్యాప్త గగన సర్వేలో కనిపించినవి సుమారు 1,270. 2021-22 అంచనాలో వాటి సంఖ్య 8,350 నుండి 11,730 మధ్య ఉన్నట్లు తేలింది. పడవల వేగ పరిమితులు, రక్షణ మండలాలు, గాయపడిన వాటిని రక్షించి చికిత్స చేసే కేంద్రాలు ఈ వృద్ధికి తోడ్పడ్డాయి. మనాటీ నిధికి నంబరు ప్లేట్లతో పాటు పడవల రిజిస్ట్రేషన్ రుసుములో కొంత భాగం కూడా చేరుతుంది. పడవ తాకిడి ఈ జంతువు ప్రాణానికి ప్రధాన ముప్పులలో ఒకటి కనుక ఆ ఏర్పాటు న్యాయసమ్మతమైనది. 2017లో కేంద్ర ప్రభుత్వం మనాటీని ప్రమాద జాబితా నుండి ఒక మెట్టు దించింది.

నాలుగేళ్ళు తిరగకముందే పరిస్థితి తలక్రిందులైంది. తూర్పు తీరంలోని ఇండియన్ రివర్ లగూన్‌లో 2011 నుండి పదేపదే విజృంభించిన నాచు సూర్యరశ్మిని అడ్డుకోవడంతో సముద్రపు గడ్డి సగానికి పైగా నశించింది. ఆ నాచుకు మూలం పట్టణాల మురుగు, సెప్టిక్ ట్యాంకులు, పచ్చిక బయళ్ళ ఎరువులు, వర్షపు నీటి వెంట కొట్టుకువచ్చే మలినాలు. చలికాలంలో విద్యుత్ కేంద్రాల వెచ్చని నీటి చుట్టూ చేరే మనాటీలకు సమీపంలో మేత కరువైంది. 2021-22 శీతాకాలంలో చరిత్రలో తొలిసారిగా అధికారులే వాటికి లెట్యూస్ ఆకుకూర వేయవలసి వచ్చింది. ఆ ఏడాది 2,02,000 పౌండ్లు, అంటే 90 టన్నులకు పైగా, మరుసటి శీతాకాలంలో దాదాపు దానికి రెట్టింపు ఖర్చయింది. అడవి జంతువుకు మనిషి ఆహారం పెట్టరాదని దశాబ్దాలుగా బోధించిన శాఖే పడవల్లోంచి ఆకుకూర విసరవలసి రావడం ఆ సంక్షోభ తీవ్రతకు నిదర్శనం. 2021లోనే రాష్ట్ర శాసనసభ మనాటీ ఆవాసాల పునరుద్ధరణకు 80 లక్షల డాలర్లు మంజూరు చేసింది. అసాధారణ మరణాల ఘటనగా ప్రకటించిన ఈ విపత్తును 2025లో గాని ముగిసినట్లు పరిగణించలేదు.

ఈ సందర్భంలో గమనించవలసినది ఒకటి ఉన్నది. ఆ సరస్సు పేరిటనే ఫ్లోరిడాలో మరొక నంబరు ప్లేటు ఉన్నది. దాని రుసుము సరస్సు పునరుద్ధరణ పనులకే వెళుతున్నది. అంటే జంతువుకు ఒక ప్లేటు, అది నివసించే నీటికి మరొక ప్లేటు ఉండగానే గడ్డి నశించింది. తప్పు ప్లేట్లది కాదు. మురుగునీటి శుద్ధి కేంద్రాల ఆధునీకరణ, సెప్టిక్ ట్యాంకుల స్థానంలో భూగర్భ మురుగు కాలువలు వంటి పనుల వ్యయం కోట్ల డాలర్లలో ఉంటుంది. నంబరు ప్లేట్ల అమ్మకం విపత్తును బట్టి పెరగదు, కార్ల యజమానుల అభిరుచిని బట్టి పెరుగుతుంది. అభిమానం చూపే ప్రజలే తమ ఇంటి పచ్చికకు వేసే ఎరువు తగ్గించుకోవడానికి ఇష్టపడతారా అన్నది వేరే విషయం.

అభిరుచి మీద ఆధారపడటంలో మరొక చిక్కు ఉన్నది. ప్లేటు మీద ముచ్చటగా కనిపించే జంతువుకే నిధి. మంచినీటి ఆల్చిప్పలు అమెరికాలో అత్యంత ప్రమాదంలో ఉన్న జీవజాతుల సమూహాలలో ఒకటి. వాటి బొమ్మను కారుకు తగిలించుకొనేవారు అరుదు. పైగా పోటీ కూడా పెరిగింది. ఫ్లోరిడాలో ప్రత్యేక ప్లేట్ల సంఖ్య వంద దాటడంతో 2020లో శాసనసభ వాటిని 150కి పరిమితం చేస్తూ చట్టం చేసింది. 2023 జూలై నుండి, వరుసగా 12 నెలలపాటు 3,000 కంటె తక్కువ వాహనాలకు ఉన్న ప్లేటును నిలిపివేయాలని అందులో నిర్దేశించింది. జట్ల ప్లేట్లు, విశ్వవిద్యాలయాల ప్లేట్లు, జంతువుల ప్లేట్లు ఒకే వరుసలో నిలబడి అభిమానుల కోసం పోటీ పడవలసిందే. మెయిన్ రాష్ట్రంలో లూన్ పక్షి ప్లేటు 1990ల నుండి రాష్ట్ర ఉద్యానవనాలకు, వేటేతర వన్యప్రాణులకు ఆదరువుగా నిలిచింది. ఎండ్రకాయ, ఎలుగుబంటి వంటి కొత్త ప్లేట్లు వచ్చిన కొద్దీ లూన్ ప్లేటుకు గిరాకీ తగ్గింది.

ప్రభుత్వమే ఆ సొమ్ముపై చేయి వేస్తే ఏమవుతుందో జార్జియా చూపింది. అక్కడి వేటేతర వన్యప్రాణి విభాగానికి రాష్ట్ర సాధారణ ఖజానా నుండి కేటాయింపు ఉండదు. డేగ, హమ్మింగ్ పక్షి బొమ్మల ప్లేట్లు, పన్ను పత్రాల విరాళాలు, నిధుల సేకరణ కార్యక్రమాలే దానికి ఆధారం. ఆర్థిక మాంద్యం నేపథ్యంలో 2010లో చేసిన చట్ట సవరణతో ప్లేటు రుసుము పెరిగింది, అందులో అత్యధిక భాగం సాధారణ ఖజానాకు మళ్ళింది. కొనుగోలుదారులకు ఈ విషయం అర్థం కావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. అమ్మకాలు, నవీకరణలు పడిపోయాయి. 2014లో మళ్ళీ చట్టాన్ని సవరించి రుసుమును 25 డాలర్లకు తగ్గించి, సుమారు 80 శాతం వన్యప్రాణులకే దక్కేలా చేశారు. 2020 నవంబరులో, ఒక ప్రయోజనం పేరిట వసూలైన రుసుమును ఆ ప్రయోజనానికే అంకితం చేసే అధికారాన్ని శాసనసభకు ఇచ్చే రాజ్యాంగ సవరణను జార్జియా ఓటర్లు భారీ ఆధిక్యంతో ఆమోదించారు. స్వచ్ఛందంగా చెల్లించేవాడు పన్ను చెల్లింపుదారుడు కాడు, దాత. దాత నమ్మకం ఒకసారి సడలితే నిధి మొత్తమే తరిగిపోతుంది.

కాలిఫోర్నియాలో చిక్కు మరొక రూపంలో వచ్చింది. 1997 నుండి అక్కడ తిమింగలం తోక బొమ్మ ప్లేటు తీరప్రాంత విద్యకు, తీర శుభ్రతకు నిధులు సమకూర్చింది. 2008లో చిత్రకారుడు తన చిత్రానికి ప్రతిఫలం కోరడంతో వివాదం తలెత్తి, తీర కమిషన్ కొత్త చిత్రం వేయించుకోవలసి వచ్చింది. చిత్రం హక్కుల గురించి ముందే లిఖితపూర్వక ఒప్పందం ఉంటే ఈ అవస్థ తప్పేది.

ఇందుకు భిన్నమైన మార్గం మిస్సోరి రాష్ట్రానిది. అక్కడ 1976లో ఓటర్లు రాజ్యాంగ సవరణ ద్వారా అమ్మకపు పన్నులో ఒక శాతంలో ఎనిమిదో వంతును వన్యప్రాణులకు, అడవులకు శాశ్వతంగా కేటాయించారు. కారు ఉన్నవాడు, లేనివాడు, తాబేలును ప్రేమించేవాడు, ప్రేమించనివాడు అందరూ చెల్లిస్తారు. జాతీయ స్థాయిలో ఇటువంటి స్థిర నిధి కోసం ఉద్దేశించిన అమెరికా వన్యప్రాణుల పునరుద్ధరణ బిల్లు ఏటా దాదాపు 140 కోట్ల డాలర్లను రాష్ట్రాలకు, ఆదివాసీ తెగలకు ఇవ్వాలని ప్రతిపాదించింది. 2022 జూన్‌లో ప్రతినిధుల సభ దానిని ఆమోదించినా, సెనేట్‌లో ఆ ఏడాది ఓటింగుకు రాక, చట్టం కాలేకపోయింది. ప్లేట్లు పూరిస్తున్న లోటు అందువల్ల అలాగే ఉన్నది.

మన రాష్ట్రాలలో బొమ్మల ప్లేట్లకు అవకాశం లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు ప్లేటు రంగును, అక్షరాల కొలతలను నిర్దేశించాయి. 2019 ఏప్రిల్ 1 నుండి కొత్త వాహనాలన్నింటికీ హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి. అయితే 9999 వంటి ఫ్యాన్సీ నంబర్ల వేలం తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలకు కొత్త కాదు. ఒక్కొక్క నంబరుకు లక్షల రూపాయలు పలుకుతున్నాయి. ఆ మొత్తం రవాణా ఆదాయంగా ఖజానాకు జమ అవుతున్నది. ఏటా చలికాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వచ్చే తీరం కూడా ఆంధ్రప్రదేశ్‌కు ఉన్నది. అదే రోజుల్లో వలలలో చిక్కి చనిపోయిన తాబేళ్ళు ఒడ్డుకు కొట్టుకురావడం కూడా తీరవాసులకు తెలిసినదే. వేలం ఆదాయంలో కొంత భాగాన్ని తీరం వెంట గూళ్ళ రక్షణకు, లెక్కింపుకు కేటాయించాలంటే కేంద్ర నిబంధనలు మార్చి బొమ్మ వేయించనవసరం లేదు. రాష్ట్ర స్థాయిలో తీసుకోదగిన నిర్ణయమే చాలు. అయితే ఆ భాగం సాధారణ కేటాయింపునకు అదనంగా ఉండాలి గాని దానికి బదులుగా కాదని ఉత్తర్వులోనే స్పష్టం చేయవలసి ఉంటుంది. జార్జియాలో అమ్మకాలు పడిపోయింది ఈ నమ్మకం సడలిన చోటనే.